మూల కోయని చేను

లంకెలపాడు
22 డిసెంబరు 1996

ఒరే ఎలియాజరూ,

అందరం బాగున్నాం అని మొదలుపెడితే నువ్వు నమ్మవు కాబట్టి ఉన్నమాటే రాస్తున్నాను. నడుం పట్టేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇన్నేళ్ళూ ఒకళ్ళ చేలల్లో కోసిన చేతులే ఇవి, అప్పుడెన్నడూ ఎక్కని బొబ్బలు మన చేలో ఎక్కాయి. ఆత్రం కాబోలు.

మన ఎకరం పండిందిరా. నువ్వు ఆరేళ్ళు ఖతర్ ఎండలో ఏసీలు బాగుచేసి కొన్న ఎకరం. మన గూడెంలో ఇంతవరకు ఎవరికీ సొంత చేను లేదు కదా, కోత రోజున పిల్లా మేకా అందరూ గట్టుమీదకొచ్చి నిలబడ్డారు. మీ బావ ఉంటే ఆ హడావిడికి తలపాగా చుట్టుకుని తిరిగేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. కోతకి ముందు ప్రార్థన ఇంటికెళ్ళి పెద్దాయన్ని అడిగాను, చేను కోసేటప్పుడు మనవాళ్ళకి ఏమైనా ఆజ్ఞ ఉందా అని. నువ్వు వెళ్ళేటప్పటికి మనం ఆదివారం చర్చి మాని, మన పాత యూదు మార్గం పట్టి ఇంకా ఏడాది కాలేదు. శుక్రవారం సాయంత్రం దీపాలు, శనివారం విశ్రాంతి, అంతవరకే నీకు తెలుసు. చేను లేనివాళ్ళకి చేను ఆజ్ఞలు ఎవరు చెబుతారు? నేను అడిగేసరికి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్ళు వస్తారనుకోలేదమ్మా అన్నాడు.

చేనుకి ఓ మూల కోయకుండా వదలాలట. చేతిలోంచి రాలిన కంకి వంగి తీయకూడదట. అవి పేదలవీ, పరదేశులవీ. మనం ఇచ్చేది కాదట, వాళ్ళదేనట. ఎవరొచ్చారని చూడకూడదు, నువ్వు రా నువ్వొద్దు అనకూడదు, దణ్ణాలు పెట్టించుకోకూడదు. ఇంకొకటి కూడా ఉంది. చేలో కోసిన పన మరిచిపోయి ఇంటికొచ్చేస్తే దానికోసం వెనక్కి వెళ్ళకూడదు. కానీ కావాలని మరిచిపోతే చెల్లదట. ఎంత ప్రేమ ఉన్నా ఈ ఒక్క ఆజ్ఞని మాత్రం చేద్దామనుకుని చేయలేం, దానంతట అది జరగాలి. నాకు నవ్వొచ్చింది. రాలిన పరిగె ఏరుకుని బతికినవాళ్ళం, గడ్డిపరక ఎక్కడ పడిందో కూడా గుర్తుంటుంది, పన ఎలా మరిచిపోతాం పెద్దాయనా అన్నాను.

బోదె కాలవ వైపు మూల వదిలేశాను. చాలా సంతోషంగా ఉందిరా. ఇన్నాళ్ళూ ఈ ఆజ్ఞకి అవతలి గట్టున నిలబడ్డాం. ఇప్పుడు ఇవతలి గట్టుకొచ్చాం.

షాలోం.
మీ అక్క
దీనమ్మ


దోహా
15 జనవరి 1997

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. బొబ్బలకి వెన్నపూస రాయి. ఇంకో మనిషిని కూలికి పెట్టుకోమంటే వినవు.

చేను పండిందని చదివి పనిలో కూడా నవ్వుకుంటూ తిరిగాను. అల్ హిలాల్‌లో ఓ మూడంతస్తుల బిల్డింగు పైకప్పుమీద ఏసీలు దించుతున్నాం. మా ఫోర్‌మాన్ ఏంటి సంగతి అన్నాడు. మా చేను కోశారు అన్నాను. చేను ఉన్నవాడివి ఇక్కడెందుకున్నావ్ అన్నాడు. నేను స్పానర్ తీసుకుని ఇంకో ఏసీ దగ్గరికి నడిచాను.

మూల సంగతి నీ ఇష్టం. కాకపోతే నాకు ఒక్కటే గుర్తొస్తోంది. ఈ చేనే ఎందుకు కొన్నానో నీకు తెలుసు. అమ్మ ఇదే చేలో పరిగె ఏరుతుంటే కామందు వచ్చి పనలు దూస్తున్నావన్నాడు. ఒడి విప్పించి, గింజలన్నీ గట్టుమీద దులిపించాడు. నేను అమ్మ చీర పట్టుకుని పక్కనే ఉన్నాను. అమ్మ ఏడవలేదు, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు. రొయ్యల చెరువుల అప్పుల్లో మునిగి ఆ కామందు కొడుకు ఆ ఎకరం అమ్మకానికి పెట్టాడని తెలిసినప్పుడు, వేరే చేను చవగ్గా వస్తుందన్నా వినకుండా అదే కొనిపించాను. ఆ చేలో గింజ ఎటు పోతుందో నాకు కాస్త పట్టింపు ఉంటుంది మరి. తప్పా?

ఇంకో మాట. కవరుమీద ఆ ఆరు కోణాల నక్షత్రం గుర్తు వేయకు. లోపల కూడా షాలోం అని రాయకు. ఇక్కడ నేను కాగితాల్లో క్రిస్టియన్‌ని, అలాగే ఉండనీ. మా గదిలో నలుగురం ఉంటాం.

నీ తమ్ముడు
ఎలియాజరు


లంకెలపాడు
16 ఫిబ్రవరి 1997

ఎలియాజరూ,

సరే, గుర్తు వేయను. మీ గదిలోవాళ్ళకి భయపడి దేవుణ్ణి ట్రంకుపెట్టెలో దాచుకున్నావన్నమాట. ఉండనీలే. గాలి ఆడేట్టు మూత కొంచెం తెరిచిపెట్టు.

మూల పంట వెళ్ళిపోయింది. ఎవరో కోసుకున్నారు. మొదళ్ళు సమానంగా ఉన్నాయి, కొడవలి పట్టడం కొత్తైనా జాగ్రత్తగా కోశారు. ఎవరు అని అడగొద్దు. తీసుకున్నవాళ్ళ మొహం చిన్నబోకూడదట, ఇవ్వటం కంటే అది పెద్ద సంగతి అంటాడు పెద్దాయన. ఊళ్ళో ఎవరైనా చెప్పబోయినా చెవులు మూసుకుంటున్నాను. నువ్వూ మూసుకో.

చర్చికెళ్ళే రోజుల్లో అమ్మ వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసేది, గుర్తుందా? నేను ఇప్పటికీ వేస్తున్నాను. శుక్రవారం దీపాలు వెలిగించే ముందు ముంత ప్రార్థన ఇంటికి పంపుతాను. మార్గం మారినా ముంత మారలేదు. అమ్మకి ఆజ్ఞలు తెలియవు గానీ ఆజ్ఞలకి అమ్మ తెలుసు అనిపిస్తుంది ఒక్కోసారి.

నువ్వు అక్కడ ఏం తింటున్నావో రాయవు. చేను గురించే రాస్తావు.

మీ అక్క


అల్ దోహా అల్ జదీదా, దోహా
20 ఆగస్టు 1997

అక్కా,

ఆలస్యానికి ఏమనుకోకు. కంపెనీ గది మారాను. ఇకనుంచి కేరాఫ్ కమాలుద్దీన్ అని రాయి, అడ్రస్ వెనక ఉంది. నిజామాబాద్ మనిషి, కుట్టుపని. మంచివాడు.

కొన్నాళ్ళు డబ్బు పంపలేను. పని కొంచెం సర్దుబాటులో ఉంది. ఎరువులకి ఎవరిదగ్గరైనా చూసుకో. ఈసారి మూలా గీలా పెట్టుకోకు. ప్రతి గింజా ఇంటికి చేర్చు. కారణం అడక్కు.

ఎండలు మండిపోతున్నాయి. ఉంటాను.

ఎలియాజరు


లంకెలపాడు
12 అక్టోబరు 1997

తమ్ముడూ,

మన కొత్త సంవత్సరం వచ్చింది, వెళ్ళింది. నీ దగ్గర్నుంచి మంచీ చెడూ ఒక్క ముక్క లేదు. ఆ రోజు మేం తేనెలో ముంచుకుని అరటిపండు తిన్నాం, ఆపిల్ పండు తినాలట గానీ పొన్నూరులో దాని ధర విని వెనక్కొచ్చాను.

నీ ఆగస్టు ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదట గుర్తు వేయొద్దన్నావు. తర్వాత షాలోం వద్దన్నావు. ఇప్పుడు మూల వద్దంటున్నావు, కారణం అడగొద్దంటున్నావు. గది మారింది, కేరాఫ్ మారింది. ఇంకేమైనా మారిందా? మారితే చెప్పు. ఎవరి మార్గం వాళ్ళది, కమాలుద్దీన్‌గారి దేవుడితో నాకు తగువు లేదు. కానీ నా తమ్ముడు నాకు చెప్పకుండా మారిపోతే మాత్రం నేను ఓర్చుకోలేను.

డబ్బు పంపకపోయినా ఫరవాలేదు. ఎరువు వేశాను. కాలవ నీళ్ళు ఆలస్యంగా వదిలారు, కోత జనవరికి పోతుంది. చేను బాగానే ఉంది. నేనే బాగాలేను.

అక్క


దోహా
27 నవంబరు 1997

అక్కా,

నేను ఎవరిలోనూ కలవలేదు. నా గురించి అలా అనుకున్నందుకు నాకు బాధేసింది, అది అలా ఉంచు.

ఆనందరావు సెలవు మీద ఊరికొచ్చి వెళ్ళాడు కదా, పక్కూరి ఎలక్ట్రీషియన్. నిన్న బజార్లో కనపడ్డాడు. టీ తాగుతూ నవ్వుతూ చెప్పాడు. మీ చేలో మూల కోసుకెళ్ళింది ఎవరో తెలుసా, కామందు కోడలు కమలాదేవి అన్నాడు. మొగుడు అప్పులవాళ్ళకి భయపడి ఎటో పోయాడట, ఆవిడ చీకటి పడ్డాక మొహానికి కొంగు కప్పుకుని వచ్చి కోసుకుందట. ఊరంతా తెలుసట. పోయినేడు కోత అయిన దగ్గర్నుంచి తెలుసట. నాకొక్కడికే తెలియదు. నీకు తెలియదని నేను నమ్మను.

అక్కా, నువ్వేం చేశావో నీకు అర్థమైందా? అమ్మ ఒడి దులిపించినవాళ్ళ ఇంటికి నా చెమట మోసుకెళ్ళి పెట్టావు. ఊళ్ళో మన మాల మాదిగ గూడేల్లో ఆకలి లేదా? వాళ్ళెవరూ రాలేదా? దొరల ఇల్లు కనపడగానే నీకు పాత భయం వచ్చిందేమో అనిపిస్తోంది. ఆజ్ఞ అని పేరు పెట్టుకున్నావు.

ఈసారి గట్టుదాకా కోయించు. ఒక్క దుబ్బు నిలబడి ఉండకూడదు. ఆవిడ వస్తే వెళ్ళిపొమ్మని చెప్పు. చేను నాది.

ఎలియాజరు


లంకెలపాడు
14 డిసెంబరు 1997

తమ్ముడూ,

నీ ఉత్తరంలో ఓ పేరు రాశావు. ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. పేరు నువ్వు రాశావు, నేను రాయలేదు, ఎప్పటికీ రాయను.

గూడెంవాళ్ళు రాలేదా అన్నావు. రాలేదు. దీనమ్మ చేలో మేం పరిగె ఏరుకోవాలా, నిన్నటిదాకా మాతోపాటు వంగిన మనిషి అన్నారు. తోటివాడి దగ్గర తీసుకోవటం ఎంత కష్టమో నాకు ఈ ఏడే తెలిసింది. మరి ఆ వచ్చిన మనిషికి, ఎవరైనా కానీ, ఎంత కష్టమై ఉండాలి చెప్పు. భయం అన్నావు. భయపడినదాన్నైతే ఇంటికే పంపేదాన్ని బస్తా కట్టి, వాకిట్లో నిలబడి, అందరూ చూసేట్టు.

అమ్మ ఒడి నేనూ చూశానురా. నువ్వు చీర పట్టుకున్నావు, నేను తట్ట పట్టుకున్నాను. ఆ రోజున కామందు మనది కానిదాన్ని మనం తీసుకున్నామన్నాడు. మన ఆజ్ఞ ప్రకారం ఆ గింజలు అమ్మవే. ఆ సంగతి పెద్దాయన నోట విన్నప్పుడు నాకు ఎన్నాళ్ళకో ఊపిరాడింది. అందుకే ఈ ఆజ్ఞ అంటే నాకు ప్రాణం. మంచి పేరొస్తుందని కాదు, ఫలం దొరుకుతుందని కాదు. అమ్మ దొంగ కాదని చెప్పే మాట ఇదొక్కటే.

అయినా చేను నీది. అందులో నేను తగువు పెట్టుకోను. ఎండలో నిలబడింది నువ్వు. కోత జనవరి రెండో వారంలో. ఈలోపు నీ దగ్గర్నుంచి వేరే మాట రాకపోతే నువ్వు చెప్పినట్టే గట్టుదాకా కోస్తాను. కూలీలతో కాదు, మూల నేనే కోస్తాను.

నీ అక్షరాలు వంకరపోతున్నాయి. ఒంట్లో ఎలా ఉంది?

అక్క


దోహా
5 జనవరి 1998

అక్కా,

ఇది అందేలోపు కోత అయిపోతుందేమో. వారం నుంచి రాస్తున్నాను, చింపుతున్నాను.

నాకు జూన్ నుంచి పని లేదు. కంపెనీకి తాళం పడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది, ఆయన దేశంలో లేడు. వేరేచోట చేరటానికి లేదు, ఇంటికి రావటానికీ లేదు. ఎవరింట్లోనైనా ఏసీ పాడైతే కమాలుద్దీన్ పిలిపిస్తాడు, దొంగతనంగా వెళ్ళి చేసొస్తాను. మిగతా రోజుల్లో ఆయన అన్నంలోంచే నా అన్నం. మూల వద్దని ఆగస్టులో రాసింది అందుకే. ఆ గింజలే మనకి దిక్కవుతాయేమో అనుకున్నాను. చెబితే నువ్వు చేను అమ్మేస్తావని చెప్పలేదు. నా మౌనం నీకు ఇంకోలా కనపడుతుందని ఊహించలేదు.

ఇప్పుడిక్కడ రంజాన్. కమాలుద్దీన్ నన్ను ముఐథర్ అనే పేటకి తీసుకెళ్ళాడు, కుట్టిన బట్టలు ఇచ్చే ఇల్లు ఒకటుంది అక్కడ. పెద్ద ఇల్లు. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి గోడ బయట చాపలు పరిచి అన్నం పెడతారు. ఎవరైనా కూర్చోవచ్చు. నేను రోడ్డుకి అవతలే నిలబడిపోయాను. పేరు అడిగితే ఏం చెప్పాలి? ఏ ఊరు, ఏ మతం అంటే? కమాలుద్దీన్ నా చెయ్యి పట్టి లాగాడు. "ఈడ ఎవ్వడు నీ పేరు అడ్గడు. ఆకలైందా, కూసో. గంతే. యల్లా, నడు" అన్నాడు. ఆయనకి నా సంగతి ముందే తెలుసని అనుకుంటాను. నువ్వు నక్షత్రం వేసిన పాత కవరు ఒకటి గది మారేటప్పుడు జారిపడితే, గుర్తు లోపలికి వచ్చేట్టు మడిచి నా దిండు కింద పెట్టాడు. 

ఓ ముసలాయన వడ్డిస్తాడు. ఇంటి యజమానే అంటారు. పళ్ళెం పెడతాడు, ఖర్జూరాలు పెడతాడు, చేతులవైపే చూస్తాడు. ఓ రోజు ఆయన వంగినప్పుడు నేను తలెత్తి చూశాను. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. మొదట అవమానంగా అనిపించింది. మొహం కూడా చూడనంత తక్కువవాణ్ణా అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అర్థమైంది. రేపు బజార్లో నేను ఎదురైతే నేను సిగ్గుపడకూడదని ఆయన నా మొహం గుర్తుపెట్టుకోవటం లేదు.

పేదలకీ పరదేశికీ అని పోయిన కోతకి నువ్వు రాశావు. ఆ పరదేశి ఎవరో అనుకుని చదివాను అక్కా. నేనే.

అమ్మ ఒడి దులిపించిన చేలో ఇంకో ఆడమనిషి ఒడి దులిపించమని నీకు రాశాను. ఆ కాగితం కాల్చేసి మంచిపని చేశావు. మూల ఉంచు. కమలాదేవిగారు వస్తే రానీ. కోత అయిపోయి ఉంటే నాకు ఏమీ రాయకు, ఆ సంగతి చదివే ధైర్యం నాకు లేదు.

షాలోం.

నీ తమ్ముడు


లంకెలపాడు
25 జనవరి 1998

ఒరే నాన్నా,

రాయకు అన్నావు. రాయక ఎలా ఉంటాను?

నీ ఉత్తరం కుప్ప వేసిన మర్నాడు వచ్చింది. మూల కోసేశానురా. కూలీలని ముందే పంపించేసి, చెప్పినట్టే నేనే కోశాను, గట్టుదాకా. ప్రతి దుబ్బుకీ నీమీద కోపం వచ్చింది. సగం అయ్యేసరికి కోపం పోయింది, దిగులు పట్టుకుంది. వీడు డబ్బు మానేశాడు, వీడి అక్షరాలు వంకరపోయాయి, వీడు ఎప్పుడూ ఇంత కటువుగా మాట్లాడినవాడు కాదు, వీడు తింటున్నాడా లేదా అని. మూలలో కోసిన పన తీసుకెళ్ళి బోదె వారన జమ్ముగడ్డి చాటున వేశాను, తడి తక్కువని. నాలుగు రోజులు ఆరనిచ్చి కట్టలు కట్టి, బండికెత్తి, కుప్ప వేసి ఇంటికొచ్చాను. అన్ని రోజులూ అదే దిగులు.

వంటకి బియ్యం తీసి, పిడికెడు ముంతలో వేస్తుంటే చటుక్కున తట్టింది. బోదె వారన పన అక్కడే ఉండిపోయింది. అయ్యో ఎంత నష్టం, పశువులు తొక్కేస్తాయి అని కొడవలి చంకన పెట్టుకుని గడప దాటాను. దాటాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళకూడదు.

వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది. పక్కింటి అనసూయమ్మత్త చూసి నాకు గాలి సోకిందనుకుని నీళ్ళు చల్లింది.

అయినా నాకు అనుమానమే. నీ మాటా దేవుడి మాటా రెండూ నిలబడాలని నా మనసే దొంగాట ఆడిందేమో అని పెద్దాయన్ని అడిగాను. గుర్తొచ్చినప్పుడు ముందు ఏమనుకున్నావు అన్నాడు. నష్టం అనుకున్నాను అన్నాను. అయితే నిజంగానే మరిచిపోయావమ్మా అన్నాడు. తన జీవితంలో ఈ ఆజ్ఞ జరిగిన మనిషిని చూడలేదట. నేను గొప్పదాన్నేం కాదు. పన మరిచిపోయింది నువ్వు గుర్తొచ్చి.

రెండు రోజులు చేనివైపు పోలేదు. తర్వాత వెళ్తే పన లేదు. జమ్ము పక్కన రాలిన గింజలు కూడా ఏరి ఉన్నాయి, ఒక్కటీ వదలకుండా. ఎవరు తీసుకెళ్ళారో చూడలేదు. మీ ముసలాయన లాగే.

పాస్‌పోర్టు సంగతికి ఆనందరావువాళ్ళ అన్న గుంటూరులో ఎవరినో కలుస్తానన్నాడు. ఏమవుతుందో తెలియదు. చేను మాత్రం అమ్మను, అది మనసులో పెట్టుకోకు. వాళ్ళ రంజాన్ నెల ఇంకో నాలుగైదు రోజుల్లో అయిపోతుందని ఇక్కడి మస్తాన్ సాయిబు చెప్పాడు. ఆ తర్వాత నువ్వు ఎక్కడ తింటావో అని రాత్రిళ్ళు నిద్ర రావటం లేదు. కమాలుద్దీన్‌గారికి నా దణ్ణాలు చెప్పు. వద్దులే, చెప్పకు. దణ్ణాలు ఆయనకి ఇబ్బందేమో.

ఆ చాప ఇంకా పరుస్తుంటే వెళ్ళి కూర్చో. తల దించుకోకు. ఆ ముసలాయన నీకు ఇస్తున్నది కాదు అది. నీదే.

షాలోం.
మీ అక్క